సీజర్ చావెజ్ సినిమా చూసినవాళ్లున్నారా? ద్రాక్ష తోటల కూలీల కథ గురించి మాట్లాడుకుందాం

మద్దిలపాలెం_మధు | శుక్రవారం, ఉదయం 7:10

నిన్న రాత్రి చూశాను, డ్యూటీకి బస్సులో వెళ్తున్నా ఇంకా బుర్రలోంచి పోవడం లేదు. 2014లో వచ్చిన సినిమా. డైరెక్టర్ డియెగో లూనా, చావెజ్‌గా మైఖేల్ పెన్యా, ఆయన భార్య హెలెన్‌గా అమెరికా ఫెరేరా చేశారు.

కథ తెలియనివాళ్లకి క్లుప్తంగా చెప్తాను. చావెజ్ 1927లో అరిజోనాలో యూమా దగ్గర పుట్టాడు. 1930ల మాంద్యంలో వాళ్ల భూమి పోయింది, ఇంటిల్లిపాదీ కాలిఫోర్నియాకి వలసపోయి ఏ పంట కోతకొస్తే ఆ పంట దగ్గరికి తిరిగే కూలీలైపోయారు. 1962లో డెలానో అనే ఊళ్లో డొలోరెస్ వెర్టాతో కలిసి కూలీల సంఘం పెట్టాడు. 1965లో ద్రాక్ష తోటల్లో సమ్మె, మరుసటి ఏడు శాక్రమెంటో దాకా పాదయాత్ర, 1968లో 25 రోజుల నిరాహార దీక్ష, ద్రాక్ష కొనొద్దని దేశమంతా ప్రచారం, చివరికి 1970 జూలైలో యజమానులు దిగొచ్చి సంతకాలు పెట్టడం. సినిమా అక్కడితో అయిపోతుంది.

తోటల దగ్గర 'వెల్గా' అని అరవకూడదని షెరీఫ్ హుకుం జారీ చేస్తాడు. స్పానిష్‌లో ఆ మాటకి సమ్మె అని అర్థం. ఆ మాట అన్నందుకే 1965 అక్టోబర్‌లో 44 మందిని అరెస్టు చేశారు, అందులో హెలెన్ కూడా ఉంది. ఇంట్లో పిల్లల్ని చూసుకుంటూ సంఘం లెక్కలు రాసుకునే మనిషి రోడ్డు మీద నిలబడి గొంతు చించుకుని ఆ మాట అంటుంటే నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

సినిమా అయ్యాక పొట్టి పార గురించి చదివాను. మూరెడు పిడి ఉండే పార అది, దాంతో పని చేయాలంటే రోజంతా నడుం రెండుగా వంగిపోవాలి. పొడుగు పిడి పార ఇవ్వొచ్చు కదా అంటే ఇవ్వరు. అందరూ వంగి ఉంటేనే ఎవడు నడుం ఎత్తాడో మేస్త్రికి దూరం నుంచే కనబడుతుంది. కాలిఫోర్నియాలో దాన్ని 1975లో నిషేధించారు. మా అమ్మ ఎలమంచిలి దగ్గర పల్లెలో పదిహేనేళ్లు నాట్లకీ కలుపుకీ వెళ్లింది. ఇప్పటికీ కుర్చీలోంచి లేవాలంటే ముందు రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టి, ఒక క్షణం ఆగి, అప్పుడు లేస్తుంది. ఇది చదివినప్పటి నుంచీ ఆ ఒక్క క్షణమే కళ్ల ముందు ఆడుతోంది.

చూసినవాళ్లు మీకేమనిపించిందో రాయండి.

పోర్టు_పెద్దాయన | ఉదయం 9:32

బాబూ మధూ, మంచి విషయం ఎత్తావు. నేను పోర్టులో కార్గో సెక్షన్లో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి లాప్‌టాప్‌లో పెడితే ఈ సినిమా రెండుసార్లు చూశాను.

అమెరికాలో ద్రాక్ష కొనేవాళ్లు తగ్గిపోయేసరికి యజమానులు సరుకుని విదేశాలకి పంపించారు. వియత్నాంలో ఉన్న సైనికుల కోసం అమెరికా రక్షణ శాఖ కూడా కొనుగోళ్లు పెంచింది. యూనియన్ వాళ్లు దీన్ని ఇంగ్లాండ్ దాకా తరుముకుంటూ వెళ్లారు, అక్కడ రేవు కార్మికులు కాలిఫోర్నియా ద్రాక్షని ఓడలోంచి దించం అన్నారు. దించకపోతే వాళ్లకొచ్చే లాభం ఒక్క పైసా లేదు, పైగా ఆ రోజు కూలి పోతుంది. డెలానో ఎక్కడుందో మ్యాప్‌లో చూపించమంటే చూపించలేని మనుషులు. ఓడ అడుగున సరుకు గదిలోకి దిగి పెట్టెలు ఎత్తినవాడిగా చెప్తున్నాను, సరుకు ముట్టుకోను అనడానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు.

సీమెన్_రాజు | మధ్యాహ్నం 1:15

సినిమా బాగుంది. కానీ ఇందులో నాకు గుచ్చుకున్నది ఒకటుంది, అది చెప్పకపోతే తప్పవుతుంది.

మాది గాజువాక. పన్నెండేళ్లుగా కార్గో షిప్పుల్లో చేస్తున్నాను. ఏ షిప్పెక్కినా ఫిలిప్పీన్స్ వాళ్లే ఎక్కువ. ఓ రాత్రి మెస్ రూమ్‌లో ఈ సినిమా పెట్టుకున్నాం. మా బోసన్, అంటే డెక్ పనివాళ్ల పెద్ద, యాభై దాటిన మనిషి, సగం అయ్యాక లేచి బయటికెళ్లిపోయాడు. తర్వాత డెక్ మీద అడిగితే చెప్పాడు, ఆ సమ్మె మొదలుపెట్టింది మావాళ్లు, సినిమాలో మాత్రం మావాళ్లు వెనకాల నిలబడి ఉంటారు అని.

నేను తర్వాత చదివితే నిజమే. 1965 సెప్టెంబర్ 8న డెలానోలో సమ్మెకి దిగింది ఫిలిపినో కూలీలు, వాళ్ల నాయకుడు లారీ ఇట్లియాంగ్. గంటకి 1.40 డాలర్లు, పెట్టెకి 25 సెంట్లు అడిగారు. చావెజ్ సంఘం చేరింది సెప్టెంబర్ 16న, అంటే ఎనిమిది రోజుల తర్వాత. ఇట్లియాంగ్‌కి ఒక చేతికి మూడు వేళ్లు లేవు, అందుకని ఆయన్ని 'సెవెన్ ఫింగర్స్' అనేవాళ్లు. సినిమాలో ఆయన పాత్ర ఉంది, కానీ నాలుగు మాటలకే సరిపెట్టారు.

ఆ ఫిలిపినోల్లో చాలామంది ముసలివాళ్లు, పెళ్లిళ్లు లేవు. తెల్లవాళ్లని పెళ్లి చేసుకోకుండా కాలిఫోర్నియాలో 1948 దాకా చట్టం అడ్డుగా ఉండేది, వాళ్ల దేశం నుంచి వచ్చిన ఆడవాళ్లు తక్కువ. జీవితమంతా కూలీల క్యాంపుల్లో గడిపేశారు. వాళ్లని మనాంగ్ అంటారు, మనం అన్నా అన్నట్టు. మా బోసన్ కూడా ఆ మాట అన్నప్పుడల్లా గొంతు తగ్గించి అంటాడు.

యజమానులు అంతకుముందు ఏం చేసేవారంటే, ఫిలిపినోలు సమ్మె చేస్తే మెక్సికన్లని దించేవారు, మెక్సికన్లు చేస్తే ఫిలిపినోలని దించేవారు. మన దగ్గర ఈ ఊరి కూలీలు రేటు పెంచమంటే పక్క ఊరి ముఠాని ఆటోల్లో తేవడం లాంటిదే. 1965లో ఆ ఆట సాగలేదు. అదీ అసలు కథ, ఒక్క మనిషి కథ కాదు.

మద్దిలపాలెం_మధు | మధ్యాహ్నం 1:48

రాజు గారూ, నిజం చెప్తున్నాను, మీరు రాసేదాకా నాకు ఆ ఎనిమిది రోజుల సంగతి తెలియదు. సినిమా చూసి సమ్మె చావెజ్‌తోనే మొదలైందనుకున్నాను.

చోడవరం_చెరకు | సాయంత్రం 6:05

నేను రైతుని. నాలుగెకరాలు. ఇలాంటి సినిమా చూసిన ప్రతివాడూ పొలం ఉన్నవాణ్ణి విలన్‌గా చూస్తాడు, నాకు దాంతోనే ఇబ్బంది. చెరకు తోలి నెలల తరబడి ఫ్యాక్టరీ బిల్లు కోసం ఎదురుచూసిన ఏడాది ఒకటుంది నాకు. కోత కూలీలకి మాత్రం ఏ పూటకా పూట ఇవ్వాలి, ఇవ్వాల్సిందే, వాళ్ల ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. నా భార్య గొలుసు కుదువపెట్టి ఇచ్చాను. ఆ ఏడాది నేను యజమానినా, కూలీనా? ఎవరైనా చెప్పండి.

ఉద్దానం_సుజాత | సాయంత్రం 6:40

అన్నయ్యా, మీ బాధ అర్థమైంది. కానీ డెలానో యజమానులు వేరు. అక్కడ మొదట కాంట్రాక్టుకి ఒప్పుకున్న షెన్లీ కంపెనీ అసలు వ్యాపారం సారా, 1966లో పాదయాత్ర నడుస్తుండగానే దిగొచ్చింది. డి జార్జియో ఇంకా పెద్దది. వాళ్లకీ మీకూ పోలికే లేదు. సినిమాలో జాన్ మాల్కోవిచ్ వేసిన యజమాని కూడా క్రొయేషియా నుంచి వలసొచ్చినవాడే, కష్టపడి పైకొచ్చాననే పట్టుదల ఉన్నవాడు. డైరెక్టర్ ఆయన్ని రాక్షసుడిగా చూపించలేదు, ఆ సంగతి నాకు నచ్చింది.

నా మనసులో ఉన్నది మాత్రం డొలోరెస్ వెర్టా. రోజారియో డాసన్ లాంటి నటిని పెట్టి కూడా ఆమెని చావెజ్ పక్కన నడిపించారంతే. ఆ కాంట్రాక్టులు యజమానుల ఎదురుగా కూర్చుని బేరమాడింది ఆమె. 'సీ సే ప్వేదే', అంటే మనవల్ల అవుతుంది అనే నినాదం 1972లో ఆమె నోటి నుంచి వచ్చింది. పదకొండు మంది పిల్లల తల్లి.

మాది పలాస వైపు. మా అమ్మ, పిన్ని ఇద్దరూ జీడిపప్పు బట్టీల్లో చేశారు. జీడిగింజ కొట్టినప్పుడు చిమ్మే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది, చేతులకి బూడిద రాసుకుని కూర్చుంటారు, అయినా వేళ్ల చివర్లు నల్లగా పెళుసెక్కిపోతాయి. నా చిన్నప్పుడు అమ్మ జడ వేస్తుంటే ఆ వేళ్లు నా వెంట్రుకల్లో చిక్కుకునేవి. రేటు పెంచమని అడగడానికి వెళ్లినప్పుడు మాట్లాడింది ఎప్పుడూ ఆడవాళ్లే, ఫోటోలో ముందు నిలబడింది మాత్రం ఎప్పుడూ మగవాళ్లే. అందుకే వెర్టాని సినిమాలో అలా పక్కకి పెడితే నాకు కోపం వస్తుంది.

చోడవరం_చెరకు | రాత్రి 8:20

అమ్మా సుజాతా, నువ్వు చెప్పింది ఒప్పుకుంటాను. పోలిక తప్పే. ఇంకో సంగతి కూడా రాస్తాను, కూలీల పక్షాన. పురుగుమందు కొట్టే కుర్రాళ్లకి ముక్కుకి గుడ్డ తప్ప మేమేమీ ఇవ్వం, మేమూ అలాగే కొడతాం. డెలానో కాంట్రాక్టుల్లో డీడీటీ వాడకూడదని రాయించారని చదివాను. అమెరికా ప్రభుత్వం దాన్ని నిషేధించింది 1972లో, అంటే కూలీలు ముందే కాగితం మీద పెట్టించారు. 1988లో చావెజ్ ఈ పురుగుమందుల మీదే 36 రోజులు దీక్ష చేశాడు, అప్పటికి ఆయనకి అరవై దాటింది. సినిమాలో అది లేదు.

హైకోర్టు_కాదు_జిల్లాకోర్టు | రాత్రి 9:11

లాయర్‌ని కాబట్టి ఒక్క పాయింట్ చెప్పి వెళ్తాను. అమెరికాలో యూనియన్ పెట్టుకునే హక్కు ఇచ్చిన 1935 చట్టంలో వ్యవసాయ కూలీలని బయట పెట్టేశారు. ఫ్యాక్టరీ కార్మికుడికి ఉన్న హక్కు ద్రాక్ష కోసేవాడికి లేదు. కాలిఫోర్నియాలో ఆ లోటు తీరింది 1975లో, రాష్ట్రం ప్రత్యేక చట్టం చేశాక. ఈ మధ్యలో ఉన్న నలభై ఏళ్లు గుర్తుపెట్టుకుంటేనే, ద్రాక్ష కొనొద్దని జనాన్ని ఎందుకు అడగాల్సి వచ్చిందో అర్థమవుతుంది. కోర్టు తలుపు మూసి ఉంటే మనిషి బజారుకి వెళ్తాడు.

1966 మార్చిలో సెనేట్ కమిటీ డెలానోకి వచ్చినప్పుడు సెనేటర్ రాబర్ట్ కెనెడీ షెరీఫ్‌ని ప్రశ్నించిన తీరు కూడా చదవండి. తప్పు చేయకముందే, చేసేలా ఉన్నారని అరెస్టు చేశానన్నాడు షెరీఫ్. భోజన విరామంలో రాజ్యాంగం ఒకసారి చదువుకోమని కెనెడీ సలహా ఇచ్చాడు.

పోర్టు_పెద్దాయన | శనివారం, ఉదయం 6:25

దీక్ష సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. సమ్మె మూడో ఏట కుర్రాళ్లలో సహనం పోయి కొట్లాట వైపు మొగ్గుతున్నారని, ఆయన ఎవరికీ చెప్పకుండా తిండి మానేశాడు. గాంధీగారిని చదువుకున్న మనిషి. 25 రోజుల తర్వాత 1968 మార్చి 10న కెనెడీ పక్కన కూర్చుని రొట్టె ముక్క తిని విరమించాడు. మనం పొట్టి శ్రీరాములు గారి రాష్ట్రంలో ఉన్నవాళ్లం, 58 రోజులు అంటే ఏమిటో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ సీన్‌లో చావెజ్ తల నిలవక పక్కకి వాలుతుంటే నేను కళ్లజోడు తీసేశాను.

ఏయూ_హిస్టరీ | ఉదయం 10:02

పెద్దాయన గారి మీద గౌరవంతోనే రాస్తున్నాను, తప్పుగా అనుకోకండి. ఈ సినిమా 1970లో ఆగడం యాదృచ్ఛికం అనిపించదు నాకు. ఆ తర్వాతి కథ చేదుగా ఉంటుంది. పత్రాలు లేకుండా సరిహద్దు దాటి వచ్చిన కూలీలని సమ్మె విరిచేవాళ్లుగా చూసి 1974లో యూనియన్ ఆ కూలీల మీద ప్రచారం నడిపింది, వాళ్లూ ఆకలికి వచ్చినవాళ్లే కదా. చావెజ్ సినానాన్ అనే గుంపు నుంచి 'గేమ్' అనే పద్ధతి తెచ్చాడు, అందరూ చుట్టూ కూర్చుని ఒక్కొక్కరినీ తిట్టి కడిగేయడం. మొదటి నుంచీ ఉన్నవాళ్లెందరో బయటికి పోయారు, కొందరిని పంపేశారు. 1977లో ఫిలిప్పీన్స్ వెళ్లి నియంత మార్కోస్ అతిథిగా తిరిగొచ్చాడు. ఫిలిపినో నాయకుడు ఫిలిప్ వెరా క్రజ్ అది భరించలేక యూనియన్ వదిలేశాడు. ఇట్లియాంగ్ అయితే 1971లోనే వెళ్లిపోయాడు.

ఇవన్నీ చూపిస్తే మనిషి చిన్నవాడైపోతాడని భయపడ్డారేమో. నాకైతే చూపించి ఉంటేనే బాగుండేదనిపిస్తుంది. పెద్ద కొడుకు ఫెర్నాండోతో దూరం పెరగడం చూపించారు, తండ్రిగా ఓడిపోయాడని చెప్పడానికి ధైర్యం చేశారు, నాయకుడిగా ఎక్కడ తప్పాడో చెప్పడానికి చేయలేకపోయారు.

పోర్టు_పెద్దాయన | ఉదయం 10:50

తప్పుగా ఎందుకనుకుంటాను నాన్నా. మార్కోస్ సంగతి నాకు తెలియదు. చదివి బాధపడ్డాను. మేం కూడా యూనియన్లో ఒక మనిషిని నెత్తిన పెట్టుకున్నాం ఒకప్పుడు, ఆయన్ని ప్రశ్నించినవాణ్ణి మేమే దూరం పెట్టాం. పదేళ్ల తర్వాత ఆ దూరం పెట్టినవాడు చెప్పిందే నిజమని తేలింది. అప్పటికి అతను ఊరొదిలి పోయాడు.

సీమెన్_రాజు | ఉదయం 11:20

పెద్దాయన గారూ 🙏

ఉద్దానం_సుజాత | మధ్యాహ్నం 12:35

హిస్టరీ బాబు తేదీలు చెప్తుంటే నాకొకటి తట్టింది. డెలానోలో సంతకాలు జరిగింది 1970 జూలై 29న. అదే నెల 10న శ్రీకాకుళం గిరిజన ఉద్యమ నాయకులు వెంపటాపు సత్యం మాస్టారు, ఆదిభట్ల కైలాసం మాస్టారు పార్వతీపురం ఏజెన్సీలో పోలీసుల కాల్పుల్లో చనిపోయారు. ఆ ఉద్యమం కూడా మొదట్లో అడిగింది ఏమిటి? గిరిజనుల చేజారిన భూమి, వడ్డీల్లో మునిగిన అప్పులు, కంబారుల, అంటే పాలేర్ల, జీతాలు. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర మీటింగ్‌కి పోతున్న గిరిజనుల మీద భూస్వాముల మనుషులు కాల్పులు జరిపి ఇద్దరిని చంపారు. ఆ తర్వాత దారి మారిపోయింది. ఇద్దరు బడిపంతుళ్లు, ఒక ద్రాక్ష కూలీ, ఒకే నెల.

ఎవరి దారి సరైనదో తేల్చడానికి ఇది రాయడం లేదు. అక్కడ సెనేటర్ వచ్చి పక్కన కూర్చున్నాడు, ఇక్కడ ఎవరూ రాలేదు. మా తాతయ్య ఆ పేర్లు చెప్పేటప్పుడు ఇప్పటికీ తలుపు వైపు చూస్తాడు.

ఏయూ_హిస్టరీ | మధ్యాహ్నం 1:05

సుజాత గారూ, ఈ రెండు తేదీలూ నేను విడివిడిగా చదివాను, ఎప్పుడూ పక్కపక్కన పెట్టలేదు. మన దగ్గర అంతకు చాలా ముందే సుందరయ్య గారు నెల్లూరు జిల్లా అలగానిపాడులో వ్యవసాయ కూలీలని కూడగట్టారు, అప్పటికి ఆయనకి పాతికేళ్లు కూడా లేవు. కూలీల నాయకుల కథలు మనకీ తక్కువేం కాదు.

చోడవరం_చెరకు | మధ్యాహ్నం 2:30

తీస్తే బాగుంటుంది మన దగ్గర కూడా. కానీ నాయకుడి పుట్టుక నుంచి చావు దాకా కాకుండా, ఒక కోత సీజన్ తియ్యాలి. ఒక ముఠా, ఒక మేస్త్రి, ఒక రైతు, ఒక రేటు గొడవ. అందులో నాయకుడు ఎవరో చూసేవాడికే తెలుస్తుంది.

గాజువాక_గీత | సాయంత్రం 4:15

ఇప్పుడే థ్రెడ్ మొత్తం చదివాను. యూనియన్ జెండా మీద ఉన్న నల్ల గద్ద గురించి ఎవరూ చెప్పలేదు. దాని రెక్కలు మెట్లు మెట్లుగా అన్నీ తిన్నటి గీతలే, కూలీలు ఇంట్లో గుడ్డ కత్తిరించి కుట్టుకోగలగాలని అలా గీశారట. నేను టైలరింగ్ చేస్తాను, బొమ్మ చూడగానే ఎంత తేలికో తెలిసింది. ఎర్ర గుడ్డ, మధ్యలో తెల్ల గుండ్రం, నల్ల పీసు. అరగంట పని.

మద్దిలపాలెం_మధు | ఆదివారం, రాత్రి 10:40

అందరికీ థాంక్స్. ఇవాళ అమ్మకి సినిమా పెట్టాను. ఇంగ్లీషు సినిమా కదా, పక్కన కూర్చుని ఒక్కో సీన్ తెలుగులో చెప్తూ వచ్చాను, ఫిలిపినోల సంగతి కూడా రాజు గారు రాసినట్టే చెప్పాను.

పాదయాత్ర, జెండాలు, కెనెడీ, వీటికేం పెద్దగా కదల్లేదు. తోట చూపించినప్పుడు మాత్రం ముందుకి వంగి చూసింది. "ఏటిరా, మైళ్ల పొడుగు తీగలే, ఒక్క చెట్టు లేదు. ఆడోళ్లు బయటికెళ్లాలంటే చాటెక్కడుందిరా? నీళ్లు ఎవులు తెస్తారు?" అంది. నేను తెల్లమొహం వేశాను. నాట్లకెళ్లిన రోజుల్లో మధ్యాహ్నం దాకా నీళ్లు తాగేది కాదట, తాగితే వెళ్లాల్సి వస్తుందని. ఇన్నేళ్లలో ఈ మాట నాతో ఎప్పుడూ అనలేదు. ఒంట్లో మంట వచ్చి ఎన్నిసార్లు జ్వరపడిందో ఇప్పుడు గుర్తొస్తోంది, అప్పుడు మేం ఎండదెబ్బ అనుకున్నాం.

ఈ సంగతి ఎవరికైనా తెలుసా, ఆ తోటల్లో?

ఉద్దానం_సుజాత | రాత్రి 11:02

ఉందండి. పొలంలో మరుగుదొడ్లు, తాగడానికి చల్లటి నీళ్లు, ఇవి యూనియన్ మొదటి నుంచీ అడిగినవాటిలో ఉన్నాయి, కాంట్రాక్టుల్లో రాయించుకున్నారు కూడా. అంతకుముందు ఒకే డబ్బాతో అందరూ తాగేవాళ్లట. అమ్మగారికి చెప్పండి, ఆవిడ అడిగిందే వాళ్లూ అడిగారని.

మద్దిలపాలెం_మధు | రాత్రి 11:09

పడుకుంది. సగం మిగిలింది, రేపు సాయంత్రం చూద్దామంది. పొద్దున్న లేవగానే చెప్తాను.